దర్శన విభాగంలో అడ్మిషన్లు

"ఇకమీదట చదువు మాతృభాషలోనే వెలుగుతుంది" అని ఉన్నత విద్యామంత్రిగారు ప్రకటించిన మర్నాడే మా కాలేజీలో బోర్డులన్నీ మారిపోయాయి. ఆయన మాటంటే మాటే. ఫిలాసఫీ డిపార్ట్‌మెంటు గుమ్మం మీదికి 'దర్శన విభాగం' ఎక్కింది. తత్వశాస్త్రాన్ని పండితులు దర్శనమనే అంటారని కమిటీ తేల్చిందట. కమిటీ తేల్చాక కాదనడానికి మనమెవరం?

నేను ఆ విభాగంలో గుమాస్తాని. మాకున్నది ఒక్క లెక్చరరుగారు, ఆయనకున్నది నలుగురు విద్యార్థులు. నెలాఖరుకల్లా ముప్ఫై మంది చేరకపోతే విభాగం ఎత్తేస్తామని నోటీసొచ్చింది. ఇరవై రెండేళ్లుగా దేవుడున్నాడా లేడా అని పాఠం చెప్పిన మనిషి, తన ఉద్యోగం ఉందా లేదా అని గోళ్లు కొరుక్కుంటూ కూర్చున్నాడు. చూస్తే జాలేసింది.

బోర్డు పెట్టిన మూడో రోజు ఒకావిడ వచ్చింది. కుట్టుమిషను మీద బతికే మనిషి.

"బాబూ, మంత్రిగారి దర్శనం ఇక్కడేనా?"

"ఇక్కడ దర్శనమే గానీ, మంత్రిగారు..." అని నేను నసుగుతుండగానే "అమ్మయ్య" అంటూ బెంచీ మీద కూలబడింది.

"మా ఎమ్మెల్యే కూడా ఆయనేగా, ఆర్నెల్ల నుంచి ఆయనింటికి తిరుగుతున్నాను. మా వీధి కుళాయి ఎండిపోయింది. ఎప్పుడెళ్లినా లేరు పొమ్మంటారు. ఇప్పుడు ఏకంగా దీనికో ఆఫీసే పెట్టారు, చల్లగా ఉండాలి."

మధ్యాహ్నానికి దర్శనం కోసం వచ్చినవాళ్లు పదకొండు మంది అయ్యారు. వారం తిరిగేసరికి వరండా కిటకిటలాడింది. లెక్చరరుగారు నన్ను పక్కకు పిలిచారు.

"వీళ్లందరి చేతా తలా ఒక అడ్మిషన్ ఫారం నింపించవయ్యా."

"అబద్ధం కాదాండీ?"

"సత్యం గురించి వాళ్లకి క్లాసు చెబుతాగా."

నింపించాను. అరవై రెండు అడ్మిషన్లు. ఊరికే కూర్చోలేక వాళ్లూ పాఠం విన్నారు. కంటికి కనబడడు, పిలిస్తే పలకడు, అయినా ఉన్నాడని జనం ఎందుకు నమ్ముతారో ఆయన చెబుతుంటే అందరూ తలలూపారు. దేవుడి సంగతి ఇంత త్వరగా బోధపడిన బ్యాచ్‌ని తన సర్వీసులో చూడలేదన్నారాయన.

ఈ ఘనవిజయం విని మంత్రిగారే ఇన్‌స్పెక్షన్‌కి వేంచేశారు. పోస్టర్లలో ఉండే జుట్టు ఆ పూట పెట్టుకురాలేదు కాబట్టి ఎవరో పెద్దాఫీసరనుకున్నారు జనం.

"ఏం నేర్చుకున్నావమ్మా?" అని కుట్టుమిషనావిడని అడిగారు.

"అనుమానమండీ."

పీఏ ఉలిక్కిపడ్డాడు. లెక్చరరుగారు చేతులు నలుపుకుంటూ అందుకున్నారు. "అంటే సార్, కొండ మీద పొగ చూసి, కనబడకపోయినా నిప్పుందని తెలుసుకోవడం. మా శాస్త్రంలో దాని పేరే అనుమానం."

"మంత్రి ఉంటే కుళాయిలో నీళ్లుంటాయి కదండీ," అంది ఆవిడ. "నీళ్లు లేవు. కాబట్టి మంత్రి లేడు."

మా లెక్చరరుగారు హాజరుపట్టీ మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మంత్రిగారు మాత్రం నిమిషం పాటు ఆలోచించారు. అంతటి నాయకుడు గనుకే ఆలోచించగలిగారు.

మర్నాడు ఉత్తర్వులొచ్చాయి. విభాగం కొనసాగుతుంది. లెక్చరరుగారికి ప్రొఫెసరుగా ప్రమోషన్. ప్రభుత్వం మీద అనుమానం నేర్పే పాఠం తీసేసి, ఆ గంటలు కూడా, కనబడేదంతా భ్రమేనని చెప్పే మాయ పాఠానికే కేటాయించాలి. ఇకపై మంత్రిగారి దర్శనం కోరేవారు ఈ మూడేళ్ల కోర్సు పాసై రావాలి.

"మూడేళ్లా బాబూ?" అంది ఆవిడ.

"ఆర్నెల్లు ఎలాగూ తిరిగావుగా అమ్మా," అన్నాను. ఇంకేమనను?

తిట్టుకుంటూనే చదివింది. ఎలా రాస్తే మార్కులు పడతాయో ప్రొఫెసరుగారు దగ్గరుండి చెప్పారు. 'కుళాయి సత్యం, నీళ్లు మాయ' అని ఫైనలియర్‌లో పేపరు రాసి యూనివర్సిటీ ఫస్టొచ్చింది. పాసైంది కాబట్టి మొన్న దర్శనమూ దొరికింది. అర్జీతో పాటు ఆ పేపరూ చేతికిచ్చింది. మంత్రిగారు అర్జీ పక్కన పెట్టి, పేపరు మొదటి నుంచి చివరిదాకా చదివి, ఎంతో మెచ్చుకుని, అక్కడికక్కడే సంతకం చేసి నీటి సరఫరా శాఖకు పంపించారు, అమలు నిమిత్తం.