కుక్క సంగతి చెప్పిందెవరు?

"బావా, ఈ భూమ్మీద మెదళ్లు మూడు రకాలు. మామూలువి, చురుకైనవి, నాది" అన్నాడు మా బావమరిది, నోట్లో బ్రష్షు తీయకుండానే. ఆ మాటతోపాటు వచ్చిన నురగ నా చొక్కా మీద పడింది.

ఉద్యోగం పోయిన దగ్గర్నుంచి మా హాల్లో సోఫాయే అతని నివాసం, కార్యాలయం, పరిశోధనాలయం. ఎవరూ ఇవ్వకపోయినా డిటెక్టివ్ అన్న బిరుదు తనే తగిలించుకున్నాడు. ఇంతవరకూ తేల్చిన కేసు ఒక్కటే. పక్కింటాయన చెప్పుల జత పోతే మెట్లన్నీ టేపుతో కొలిచి, భూతద్దంతో దుమ్మంతా పరీక్షించి, సాయంత్రానికి అవి తన కాళ్లకే ఉన్నాయని కనిపెట్టాడు. ఆ విజయం తర్వాత అతన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

ఇప్పుడు రెండో కేసు దొరికింది. నా ఖర్మ కొద్దీ అది నాదే.

మేముంటున్న ఇల్లు పడగొట్టి కొత్తది కడతారట. నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దమనిషి ఎవరోగాని, కుక్కను వెంటబెట్టుకుని అద్దె ఇల్లు వెతికిన పాపాన పోలేదు. నిజం చెప్పిన ప్రతిచోటా మొహం మీదే తలుపేశారు. మా కుక్క ఎవరి జోలికీ పోదని చెబితే వినేవాళ్లు లేరు. దాన్ని మేం ముసలాడు అని పిలుస్తాం. చెవులు వినపడవు, మొరగడం మానేసి చాలాకాలమైంది. ఎవరైనా పొరపాటున తోక తొక్కితే తప్పు తనదే అన్నట్టు పక్కకు జరుగుతుంది. ఎక్కడైనా శరణాలయంలో వదిలేయమని ఆఫీసులో సలహా ఇచ్చారు. ఆ మాట ఇంట్లో చెబితే ఆ పూట మా ఆవిడా నేనూ అన్నం ముట్టలేదు. దాన్ని వదులుకోవడం నా వల్ల కాదు.

అందుకే బావమరిది సలహా విని, బుద్ధి గడ్డి తిని, కుక్క సంగతి దాచిపెట్టడానికి ఒప్పుకున్నాను. అప్పట్నుంచి మొదలైంది వింత. పొద్దున చూసిన ఇంటివాళ్లు నవ్వుతూ సరేననేవారు. సాయంత్రానికల్లా బ్రోకరు ఫోను చేసి, కుక్క ఉన్నవాళ్లకు ఇవ్వమంటున్నారు సార్ అనేవాడు. ఎవరు చెప్పారయ్యా అంటే తనకూ తెలియదనేవాడు. అలా నాలుగిళ్లు పోయాయి.

"మన రహస్యం పొక్కుతోంది. దీని వెనక ఒక అదృశ్య హస్తం ఉంది" అని ప్రకటించాడు బావమరిది. హస్తం బ్రోకరుదేనని తేల్చి, మర్నాడు నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అతన్ని వెంబడించాడు. బ్రోకరు బండి మీద, ఇతను కాలినడకన. మిట్టమధ్యాహ్నానికి బ్రోకరే జాలిపడి బండి ఆపి, ఎండలో ఎందుకు సార్, ఎక్కండి అన్నాడట. ఇతను ఎక్కాడు. మిగతా నిఘా అంతా వెనక సీట్లో కూర్చునే సాగింది. ఇంటికొచ్చి, శత్రువు నన్ను అతి సమీపం నుంచి గమనిస్తున్నాడు అని నివేదిక ఇచ్చాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇక్కడ పిల్లికి బుర్ర కూడా లేదు.

నెలాఖరు ముంచుకొచ్చింది. చివరికి ఒక పళ్ల డాక్టరమ్మ ఇంటి పైభాగం చూడటానికి వెళ్లాం. కింద ఆవిడ ఆస్పత్రి. బావమరిది ఎప్పటిలాగే ఉత్తర్వులు జారీ చేశాడు. వాళ్లక్క ఇంటావిడను గేటు దగ్గర మాటల్లో పెట్టాలి, నేను డాబా ఎక్కి నీళ్ల ట్యాంకు చూడాలి, తను పడగ్గదిని ఒంటరిగా పరిశోధిస్తాడు. ప్రతి ఇంట్లోనూ ఇదే తంతు కాబట్టి కారణం అడగలేదు. కానీ ఈసారి డాబా తలుపుకు తాళం వేసి ఉంది. తాళంచెవి కోసం కిందికి దిగి, డాక్టరమ్మనూ మా ఆవిడనూ వెంటబెట్టుకుని హాల్లోకి వచ్చాను.

అప్పుడే పడగ్గదిలోంచి కుక్క మొరిగింది. ఆగి మళ్లీ మొరిగింది. తర్వాత సాగదీసి ఒక ఏడుపు ఏడ్చింది.

డాక్టరమ్మ మొహం మాడిపోయింది. "కుక్క లేదన్నారుగా" అంది.

ముసలాడికి గొంతొచ్చి మా వెనకే వచ్చేశాడేమోనని నిజంగా అనుకున్నాను. వెళ్లి తలుపు తోశాను. మా బావమరిది మోకాళ్ల మీద వంగి, గోడకు నోరానించి, కళ్లు మూసుకుని మొరుగుతున్నాడు. తలుపు చప్పుడు విని కాస్త ఆగమన్నట్టు వేలు చూపించి, మొదలుపెట్టిన మొరుగు పూర్తిచేశాడు.

"శబ్ద పరీక్ష బావా. కుక్క అరుపు పక్కవాళ్లకు వినిపిస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి కదా" అన్నాడు లేచి మోకాళ్లు దులుపుకుంటూ.

"ఇంతకుముందు ఇళ్లల్లో కూడా చేశావా?"

"ఒక్కటి కూడా వదల్లేదు."

నాకు అర్థమైంది. పక్కవాళ్లకు వినిపించింది, ఇంటివాళ్లకు చేరింది. మా ఆవిడకూ అర్థమైంది. అతనికి మాత్రం కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక సిగ్గుపడతాడేమోనని ఎదురుచూశాను. మొహం వెలిగిపోయింది. "అంటే బ్రోకరు నిర్దోషి. కేసు తేలిపోయింది బావా" అని నాకు చెయ్యి అందించాడు. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది.

ఇక దాచడానికేముంది. డాక్టరమ్మకు ముసలాడి సంగతంతా చెప్పి, అబద్ధమాడినందుకు క్షమించమన్నాను. ఆవిడ, ముందు దాన్ని తీసుకురండి, చూస్తాను అంది. ఆటోలో వెళ్లి తీసుకొచ్చాను. ముసలాడు గడప వాసన చూసి, నెమ్మదిగా లోపలికి నడిచి, ఆవిడ కాళ్ల దగ్గర చతికిలబడ్డాడు. ఆవిడ వంగి దాని పెదవి పైకెత్తి చూసింది.

"ఈ వయసుకు పళ్లు బాగానే ఉన్నాయి. ఇది ఉండొచ్చు" అంది. తర్వాత బావమరిది వైపు వేలు చూపించింది. "ఆయన ఉండటానికి వీల్లేదు. కింద జనం పళ్లు పీకించుకోవడానికి వచ్చి కూర్చుంటారు. పైనుంచి ఆ ఏడుపు వినిపిస్తే నా దగ్గర ఒక్కరూ నిలవరు."

నేను మా ఆవిడ వైపు చూశాను. ఎంతైనా సొంత తమ్ముడు. చిన్నప్పట్నుంచీ ఎవరేమన్నా వాణ్ణి వెనకేసుకొచ్చిన మనిషి మా ఆవిడ. ఆవిడ తమ్ముడి మొహంలోకి చూసింది. నేల మీద అప్పుడే కునుకు తీస్తున్న ముసలాణ్ణి చూసింది. తర్వాత డాక్టరమ్మ వైపు తిరిగింది.

"సామాను ఎప్పుడు తెచ్చుకోమంటారు?" అని అడిగింది.