పంపుకు స్వేచ్ఛ ప్రసాదించిన విధం

కారున్న ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా దాని నీళ్ల పంపు బెల్టు పీకెయ్యాలి! నేను పీకాను. పీకి బాగుపడ్డాను. నవ్వేవాళ్లు నవ్వండి, నాకేం?

తెలియనివారికి చెబుతాను. ఇంజను వేడెక్కకుండా నీళ్లు తిప్పే పంపు ఒకటుంటుంది. దాన్ని ఇంజనే బెల్టుతో తిప్పాలి. ఎంత వెట్టిచాకిరీ! బొమ్మ విమానాలకు వాడే బుల్లి మోటారు తగిలిస్తే ఆ బెల్టుతో పనే లేదని ఒక వీడియోలో చూశాను. ఏడు నిమిషాల వీడియో. ఇంజనీరింగుకు జనం నాలుగేళ్లు ఎందుకు తగలేస్తారో!

మా బావమరిది మెకానిక్కు. "ఆ బెల్టు జోలికి పోకు బావా, దానికి ఇంకో పని కూడా..." అంటూ ఏదో చెప్పబోయాడు. నేను వింటేగా! మా ఇంట్లో మిక్సీ మూలిగినా వాణ్నే పిలుస్తారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మా ఆవిడ నన్ను మెచ్చుకోవాలి. నా కోరికల్లా అదే.

సోమవారం పొద్దున ఆవిడకు ప్రమోషన్ ఇంటర్వ్యూ. నేనే దింపుతానని బయల్దేరదీశాను. మోటారు జుయ్యిమంటోంది. ఇంజను చల్లగా ఉంది. హుషారుగా పాటలు పెట్టాను. సగం దారిలో ముందు పాట ఆగింది, తర్వాత మోటారు ఆగింది, ఆపైన బండే ఆగింది.

ఫోన్ చేస్తే బావమరిది నెత్తి కొట్టుకున్నాడు. "బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కించేది కూడా ఆ బెల్టే బావా! అది పీకేసి, మళ్లీ ఆ బ్యాటరీకే మోటారు తగిలించావా?"

అయితేనేం? ఎన్ని లాభాలు! బండి నెట్టడాన్ని మించిన వ్యాయామం ఏ జిమ్ములో ఉంది? ట్రాఫిక్ పోలీసు ఆగి మరీ నా పుట్టుపూర్వోత్తరాలు వాకబు చేశాడు. అంత శ్రద్ధ మా చుట్టాలు కూడా ఏనాడూ చూపించలేదు. మా ఆవిడ మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని బస్సు వెనక పరిగెత్తింది.

అరగంట ఆలస్యం! ఎందుకని అడిగారట. "మా ఆయన కారు బాగుచేశారండీ" అందట. లోపలున్న ముగ్గురు ఆఫీసర్లూ అయ్యో పాపం అనుకున్నారట. ప్రమోషన్ వచ్చింది! ఇందులో నా వాటా ఎంతో మీరే చెప్పండి.

నా గోడు ఒక్కటే. తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ఆదివారం వాళ్ల తమ్ముడు కొత్త బెల్టు బిగిస్తుంటే పక్కనే నిలబడి, ఏది ఎందుకో అడిగి మరీ నేర్చుకుంది. "మీరు ఈ టార్చి పట్టుకోండి, చాలు" అంది.

కాసేపటికి అదీ తీసేసుకుంది.