ఇరవై మూడు సాఫ్ట్‌వేర్లు, ఒక్క పరుపు

వెబ్ పేజీ చేసుకోవడానికి సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం మనిషికి దొరికిన మహాభాగ్యం! ఎంచుకోవడం అన్నాను, గమనించండి. పేజీ చేయడం అనలేదు. పేజీ ఎవరైనా చేస్తారు. చేసేస్తే ఇంకేముంది? అయిపోతుంది! ఎంచుకోవడం ఉందే, అది అవదు. అవకపోవడమే దాని గొప్ప.

నవ్వకండి. నా దగ్గర సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం మా బావ. హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. నలభై మంది పిల్లల చేత ఒకేసారి కుండ బొమ్మ గీయించగల మనిషి. ఆయన రెండు నెలల పాటు సాఫ్ట్‌వేర్ ఎంచుకున్న వైనం విన్నాక కూడా మీకు ఈ భాగ్యం అర్థం కాకపోతే నేనేమీ చేయలేను.

మా అక్కది పరుపుల కొట్టు. ముందు గదిలో కత్తిరింపు బల్ల, రెండు కుట్టుమిషన్లు. వెనక గదిలో దూది ఏకే మిషను. రెంటికీ మధ్య ఒక కర్టెన్. ఆ మిషను తిరిగిందంటే వీధి చివరిదాకా వినబడుతుంది, నల్లజుట్టుతో లోపలికి వెళ్ళినవాళ్ళు తెల్లజుట్టుతో బయటికొస్తారు. గడ్డలు కట్టిన పాత పరుపును విప్పి, దూది ఏకి, మళ్ళీ నింపి కుట్టి ఇస్తే, దాని మీద పడుకున్నవాడు అలారం మోగినా లేవడు. ఇది అక్క మీద ప్రేమతో అంటున్న మాట కాదు. మా ఆఫీసు హాజరు పట్టీలో నా పేరు పక్కన చూసుకోవచ్చు.

ఇంత పనితనం ఉన్నా, ఎదురుగా గాజు తలుపులతో ఫోమ్ పరుపుల షోరూమ్ వచ్చేసరికి అక్క కొట్టుకు వచ్చే పరుపులు తగ్గిపోయాయి. షోరూమ్‌కి వెబ్ పేజీ ఉంది మరి! జనం ఫోన్లో చూసి అటు తిరుగుతున్నారు. అక్క దగ్గర కుట్టుపని చేసే నలుగురు ఆడవాళ్ళు మధ్యాహ్నానికే పని అయిపోయి, ఉన్న సూదుల్నే మళ్ళీ మళ్ళీ సర్దుకుంటున్నారు.

అలాంటి రోజుల్లో నర్సింగ్ హాస్టల్ వార్డెన్‌గారు కొట్టుకు వచ్చారు. బల్ల మీది పరుపును అరచేత్తో నొక్కారు. ఇంకోసారి నొక్కారు. ఆవిడ ముఖం కాస్త మెత్తబడింది.

"మా దగ్గర రెండు వందల పరుపులు బాగుచేయించాలమ్మా. నాకైతే మీ పని నచ్చింది. కానీ తేల్చేది కమిటీ. వాళ్ళు ముందు లింకు అడుగుతారు. వచ్చే నెల కాక ఆపై నెల, పదిహేనో తారీఖులోగా మీ పేజీ లింకు పంపండి."

రెండు వందల పరుపులంటే నలుగురికి ఆరు నెలల పని. అది రాకపోతే ఆ నలుగురినీ ఇంటికి పంపేయాలి. అక్కకు ఆ రాత్రి తన సొంత పరుపు మీద కూడా నిద్ర పట్టలేదు. పొద్దున్నే బావను పట్టుకుంది.

"ఏమండీ, నాకు పెద్ద హంగులేం వద్దు. మూడు ముక్కలు చాలు. ఏం చేస్తామో, ఎక్కడుంటామో, ఫోన్ నంబరు."

"మూడు ముక్కలే కదా! ఆదివారానికి అయిపోతుంది" అన్నాడు బావ. ఏ ఆదివారమో చెప్పలేదు. అది చెప్పని వాడే జ్ఞాని!

కొట్టు మూలన, బాగుచేయడానికి వచ్చిన ఐదు పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. బడి వదలగానే బావ వచ్చి ఆ ఐదు పరుపుల మీదికి ఎక్కి, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేవాడు. ఎత్తులో కూర్చుంటే ప్రపంచం బాగా కనిపిస్తుంది కదా.

కనిపించింది కూడా! లోకంలో రెండు జాతులున్నాయని మొదటి వారంలోనే తేలింది. ఒక జాతి వాళ్ళు డబ్బాలను మౌస్‌తో లాగి, పడేసి పేజీ చేస్తారు. రెండో జాతి వాళ్ళు కోడ్ రాసి చేస్తారు. లాగేవాళ్ళకు రాసేవాళ్ళంటే జాలి. రాసేవాళ్ళకు లాగేవాళ్ళంటే అసహ్యం. ఈ రెండు జాతుల వాళ్ళూ సంబంధాలు కలుపుకోరు. బావ ఏ జాతిలో చేరాలి? ఇది మూడు ముక్కల పేజీ విషయమా? జీవితం విషయం!

వీడియోలు చూశాడు. మెడలో హెడ్‌ఫోన్లు వేసుకున్న ఒకాయన, ఈ సాఫ్ట్‌వేర్ వాడనివాడు మూర్ఖుడని చెప్పాడు. అదే ఆయన ఇంకో వీడియోలో, దాన్నే వాడేవాడు మూర్ఖుడని చెప్పాడు. బావ రెండూ నోట్ చేసుకున్నాడు.

సలహాలు వెల్లువెత్తాయి. లెక్కల మాస్టారు ఒకటన్నాడు, పళ్ళ డాక్టరు బావ నోట్లో రెండు చేతులూ పెట్టి ఇంకొకటన్నాడు. మంగలి అయితే గొంతు మీద కత్తి ఆనించి మరీ, "కోడ్ రాయండి మాస్టారూ, లాగడం ఒక పనేనా?" అన్నాడు. ఆ స్థితిలో ఎదురు వాదించగల మొనగాడెవరు? బావ ఆ సాయంత్రానికి రాసేవాళ్ళ జాతిలో చేరిపోయాడు. గడ్డం పెరిగాక మళ్ళీ లాగేవాళ్ళలోకి వచ్చేశాడు.

ఇక ఫ్రీ ట్రయల్ అనే వరం గురించి చెప్పాలి. పద్నాలుగు రోజులు ఉచితం! ప్రతి సాఫ్ట్‌వేర్‌కీ ఒక కొత్త ఈమెయిల్, ఒక కొత్త పాస్‌వర్డ్. జ్ఞాపకశక్తికి ఇంతకన్నా వ్యాయామం ఉందా? బావ తన పెళ్ళిరోజు మర్చిపోయాడు గానీ పదిహేడు పాస్‌వర్డుల్లో నాలుగు కంఠతా చెప్పేవాడు.

ప్రతి సాఫ్ట్‌వేరూ గడప తొక్కగానే ఒకటే అడిగేది. మీరెవరు? స్టార్టప్పా? ఏజెన్సీయా? ఇన్‌ఫ్లుయెన్సరా? పరుపుల కొట్టావిడ భర్త అనే గడి ఎక్కడా లేదు. బావ ప్రతిసారీ 'ఇతరములు' నొక్కేవాడు. ఇరవై ఏళ్ళ కాపురంలో తన స్థానం ఏమిటో ఆయనకు ఇంత స్పష్టంగా ఇంకెవరు చెప్పారు?

ముందే తయారుచేసి పెట్టిన పేజీ నమూనాలు, అదే టెంప్లేట్లు, చూస్తే కళ్ళు చెదిరాయి. అన్నిట్లోనూ ఒక అమ్మాయి కాఫీ కప్పు పట్టుకుని లాప్‌టాప్ చూసి పగలబడి నవ్వుతూ ఉంటుంది. వెనక మంచుకొండ. "పరుపేదండీ?" అని అక్క అడిగితే, "పరుపు చివర్లో వస్తుంది. ముందు మూడ్ రావాలి" అన్నాడు బావ.

"మూడు ముక్కలు చెప్పాను, మూడ్ ఎవరడిగారు?" అంది అక్క. బావ వినలేదు. అప్పటికి ఆయన ఇరవై మూడు సాఫ్ట్‌వేర్లనూ, నలభై ఒక్క గుణాల్లో పోలుస్తూ ఒక చార్టు వేయాలని తీర్మానించాడు. ఆ చార్టు ఏ సాఫ్ట్‌వేర్‌లో వేయాలో తేల్చుకోవడానికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. చివరికి డ్రాయింగ్ షీటు మీద చేత్తోనే వేశాడు. ఎంత బాగా వేశాడో! పువ్వుల బోర్డర్ కూడా పెట్టాడు.

ఈలోగా ఒక చిన్న మార్పు జరిగింది. బావ కూర్చునే ఎత్తు తగ్గుతూ వచ్చింది. బాగయిన పరుపు వెళ్ళిపోతోంది, కొత్తది రావడం లేదు. ఐదు నాలుగైంది, నాలుగు రెండైంది. పదిహేనో తారీఖు వచ్చేసరికి బావ ఒక్క పరుపు మీద, ఇంచుమించు నేల మీద ఉన్నాడు.

ఆ మధ్యాహ్నం అక్క కర్టెన్ పక్కకు నెట్టి వచ్చి నిలబడింది. జుట్టంతా దూది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, అది దూది వల్ల కాదు.

"సాయంత్రం ఐదింటికి కమిటీ కూర్చుంటుందండీ. రెండు నెలలుగా మిమ్మల్ని గట్టిగా ఒక్క మాట అనలేదు. ఇప్పుడూ అనను. ఆ పని ఇప్పుడే కానివ్వండి."

అరిస్తే బావ తట్టుకునేవాడే. అరవకుండా అన్నది కాబట్టి భయపడ్డాడు. ఇంకా ట్రయల్ మిగిలి ఉన్న ఏకైక సాఫ్ట్‌వేర్ తెరిచాడు. ఆ రోజే దాని పద్నాలుగో రోజు. బావకు తెలుగులో టైపు చేయబోతే ఒత్తులు దొరకవు. అదృష్టం కొద్దీ అందులో మైకు ఉంది, మనం చెబితే అదే రాసుకుంటుంది. "నువ్వు చెప్పవోయ్, నేను డిజైన్ చూస్తాను" అన్నాడు.

వెనక గదిలో మిషను హోరెత్తుతోంది. అక్క మైకు దగ్గర వంగి, ఊళ్ళో జనానికి ఎప్పుడూ చెప్పే మాటలే గట్టిగా చెప్పింది. మరి బావ ఏం చేస్తున్నాడు? బటన్‌కి రంగు చూస్తున్నాడు! మీకూ నాకూ నీలం ఒకటే కనబడుతుంది. డ్రాయింగ్ మాస్టారికి పదకొండు కనబడ్డాయి. నెమలి నీలం పెడితే ఇంకు నీలం బాగుంటుందనిపించింది, ఇంకు నీలం పెడితే నెమలి గుర్తుకొచ్చింది. ఐదుకు రెండు నిమిషాలుందనగా నెమలినే ఖాయం చేసి, లింకు పంపేశాడు. పైన రాసిందేమిటో ఎవరూ చదవలేదు.

కమిటీ చదివింది.

మిషను హోరులో ఆ సాఫ్ట్‌వేర్‌కి ఒక్క అక్షరం వేరేగా వినబడింది. పేజీలో ఇలా ఉంది:

"మీ పరువు మా చేతుల్లో! ఫోన్ చేస్తే చాలు, మీ ఇంటికే వచ్చి పరువు తీసుకెళ్తాం. గడ్డలు కట్టిన పరువును కర్రలతో బాది మెత్తబరుస్తాం. నడివీధిలో మంచి ఎండలో ఆరేస్తాం. సింగిల్ పరువు, డబుల్ పరువు, పిల్లలకు చిన్న పరువు. చిరిగిన పరువుకు కుట్లు వేయబడును. పాత పరువు ఇచ్చేసి కొత్త పరువు పట్టుకెళ్ళండి!"

కింద నెమలి నీలం బటన్. చాలా బాగుంది.

ఐదు దాటాక పావుగంటకు వార్డెన్‌గారి ఫోను. "ఏమమ్మా, రెండు వందల మంది ఆడపిల్లలుండే హాస్టల్ మాది. ఇంటికొచ్చి పరువు తీసుకెళ్తామంటే కమిటీ వాళ్ళు ఏమనుకోవాలి? చైర్మన్‌గారు చాలా కోపంగా ఉన్నారు. మిమ్మల్ని పక్కన పెట్టేశారు. రేపు పొద్దున మళ్ళీ కూర్చుని షోరూమ్ వాళ్ళ సంగతి చూస్తారట."

మిగతా ఊరు మాత్రం పక్కన పెట్టలేదు. ఫోన్లే ఫోన్లు! ఒకాయన తన వియ్యంకుడి ఇంటి అడ్రసు ఇచ్చి, వీలైతే పెళ్ళివారంతా ఉన్నప్పుడే వెళ్ళమన్నాడు. రిటైరైన హెడ్ క్లర్కు ఒకాయన, ఆఫీసు మానేశాక పరువు కాస్త నలిగిందనీ, ఇస్త్రీ ఏమైనా చేస్తారా అనీ అడిగాడు. ఒకావిడ, "మా ఆయనది సింగిలో డబులో తెలీదు, మీరే వచ్చి కొలుచుకోండి" అంది.

అక్క ఏడవలేదు. మర్నాడు పొద్దున్నే తను స్వయంగా కుట్టిన పరుపొకటి చుట్ట చుట్టి, రిక్షాలో వేసుకుని హాస్టల్‌కి వెళ్ళింది. తోడుగా నేనూ వెళ్ళాను. కమిటీ వాళ్ళు పొడవాటి బల్ల చుట్టూ కూర్చుని షోరూమ్ వాళ్ళ పేజీ చూస్తున్నారు. అక్క వాళ్ళ మధ్యలోనే, ఆ బల్ల మీదే పరుపు పరిచేసింది.

"అయ్యా, లింకు అడిగారు కదా. ఇదే. ఒక్కసారి నొక్కి చూడండి."

చైర్మన్‌గారు వేలితో నొక్కారు. తర్వాత అరచేత్తో నొక్కారు. తర్వాత, నడుం నొప్పి ఎంత కాలంగా ఉందో పాపం, చెప్పులు విడిచి బల్లెక్కి పడుకున్నారు. రెండు నిమిషాల్లో గురక మొదలైంది. లేపే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కమిటీ మొత్తం నలభై నిమిషాలు గుసగుసల్లోనే మాట్లాడుకుంది. లేచాక ఆయన ముఖం చంటిపిల్లాడి ముఖంలా ఉంది. రెండు వందల పరుపులూ అక్కకే ఇచ్చారు. పేజీ సంగతి ఎవరూ ఎత్తలేదు.

"చూశావా, మన పేజీ పవరు!" అన్నాడు బావ ఆ సాయంత్రం.

"ముందా పేజీలో ఒక్క అక్షరం మార్చండి బాబూ! ఆ సాఫ్ట్‌వేర్‌కి చెవుడు" అంది అక్క. కానీ ట్రయల్ అయిపోయింది, బావ ఏ ఈమెయిల్‌తో తెరిచాడో గుర్తులేదు. ఆ పేజీ ఇప్పటికీ అలాగే ఉంది.

పాఠకులారా, మీరేమైనా అనుకోండి, దానికి చెవుడని నేను ఒప్పుకోను. అక్క పేజీ అడిగింది పరుపుల కోసం. బావ రెండు నెలలు వెతికింది పరుపుల కోసమా? స్టాఫ్ రూములో ఎవరైనా "ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారు మాస్టారూ?" అని అడిగితే తలెత్తుకుని చెప్పదగ్గ ఒక పేరు కోసం. లాగేవాళ్ళు నవ్వకూడదు, రాసేవాళ్ళు నవ్వకూడదు, మంగలి కూడా నవ్వకూడదు. దాన్నేమంటారు? ఆ సాఫ్ట్‌వేర్ అక్క నోటి మాట వినలేదేమో గానీ, బావ మనసులో మాట అక్షరం పొల్లుపోకుండా వింది. నలుగురు ఆడవాళ్ళ పని ఆ ఒక్క అక్షరం కిందే పడి నలిగిపోబోయింది. అక్క పరుపు మోసుకెళ్ళింది కాబట్టి సరిపోయింది.

నిన్న కొట్టుకు వెళ్ళాను. హాస్టల్ పరుపులు వచ్చేశాయి. మూలన దొంతర పైకప్పు దాకా ఉంది. దాని మీద, ఫ్యానుకు తల తగలకుండా మెడ వంచుకుని, ఒళ్ళో లాప్‌టాప్‌తో బావ.

"ఒక్క అక్షరం దిద్దడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో చూస్తున్నానోయ్! పన్నెండు తేలాయి" అని పైనుంచి కేకేశాడు.

దొంతర కింద అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఆవిడకు పని మొదలుపెట్టడానికి అందులోంచి ఒకటి కావాలి. తలెత్తి బావతో గట్టిగా ఏదో అంది. సరిగ్గా అప్పుడే వెనక గదిలో మిషను మొదలైంది. "పరుపు కావాలి, దిగండి" అందో, "పరువు కావాలంటే దిగండి" అందో, నాకూ సరిగ్గా వినబడలేదు.