అల్మెండ్రో వీధి, ఏడో నంబరు

ఆ రోజు డెస్మండ్ చెయ్యవలసిన పనులు మూడే. టాక్సీలో బెరిల్ ఇంటికి చేరడం, పంది మాంసం కూరి కాల్చిన పోర్క్ పై ఆవిడ చేతికి అందించడం, క్షమించమని అడగడం. వీటిలో మొదటిది కూడా కష్టమేనని అతనికి తోచలేదు.

బెరిల్ మొగుడు రోజరూ డెస్మండూ చిన్ననాటి నుంచీ స్నేహితులు. రిటైరయ్యాక రోజర్ దంపతులు ఇంగ్లండ్ చలికి ఒక దండం పెట్టి స్పెయిన్ ఎండలోకి కాపురం మార్చారు. రెండేళ్ల క్రితం రోజర్ పోయాడు. అంత్యక్రియలు ఇంగ్లండ్‌లో సొంత ఊళ్లోనే జరిగినా డెస్మండ్ కనిపించలేదు. వెళ్లాడు గానీ, శ్మశానవాటికలో రెండు ప్రార్థన మందిరాలుంటే పక్కదాంట్లో కూర్చున్నాడు. పోయినాయన పేరు వేరని తెలిశాక కూడా, మధ్యలో లేచి వెళ్తే ఏం బాగుంటుందని చివరిదాకా కూర్చున్నాడు. ఈ కథ విని బెరిల్, "అబద్ధమాడినా అతికినట్టుండాలి, డెస్మండ్" అని ఫోన్ పెట్టేసింది. మళ్లీ మాట్లాడలేదు. ఇన్నాళ్లకి, రోజర్ పుట్టినరోజుకి పోర్క్ పై పట్టుకుని భోజనానికి రమ్మని డెస్మండ్ భార్య థెల్మాతో కబురంపింది. "ఈసారైనా సరైన చోటికి రమ్మను" అందట.

"అల్మెండ్రో వీధి, ఏడు" అన్నాడు డెస్మండ్ టాక్సీలో, తమవాళ్ల అలవాటు ప్రకారం చివరి అచ్చు మింగేసి. ఆ ఊళ్లో బాదం చెట్టు పేరు మీద అల్మెండ్రో వీధి ఉంది, బాదం పప్పు పేరు మీద అల్మెండ్రా వీధీ ఉంది. ఏ వీధని డ్రైవరు రెండుసార్లు అడిగాడు. డెస్మండ్ రెండుసార్లూ నవ్వి తలూపాడు.

"సరిగ్గా చెప్పరాదూ? ముత్యాలేం రాలిపోవు" అంది థెల్మా.

"తప్పుగా పలికి నవ్వులపాలవడం దేనికి?"

టాక్సీ దించిన చోట తెల్లటి ఇల్లు, నీలం తలుపు, గేటు మీద కాగితం పూలు, పూలకుండీ కింద తాళంచెవి. బెరిల్ థెల్మాకి చెప్పిన గుర్తులన్నీ ఉన్నాయి. ఆ కొండ మీద కాపురముండే ఇంగ్లీషువాళ్లలో అవి లేని ఇల్లు ఎవరికీ లేదు. నేను చర్చి నుంచి వచ్చేలోగా మీరు పెరటి కొలనులో ఈత కొడుతూ ఉండండని కూడా బెరిల్ ఆవిడతో ముందే చెప్పింది. పెరట్లో తీగ మీద గళ్ల ఈత నిక్కరు కనిపించగానే డెస్మండ్ కళ్లు చెమర్చాయి.

"రోజర్‌ది! పాపం, ఇంకా దాచుకుంది."

"రెండేళ్ల నుంచీ ఆరుతోందా?" అంది థెల్మా. డెస్మండ్ వినిపించుకోలేదు. భక్తిగా దాన్ని తొడుక్కుని నీళ్లలో దిగాడు.

కాసేపటికి పాల డబ్బాలు పట్టుకుని ఒక పొడుగాటి పెద్దమనిషి లోపలికొచ్చాడు. తన కొలనులో, తన నిక్కరు వేసుకుని ముక్కూమొహం తెలియనివాడు ఈదుతుంటే ఏ దేశస్థుడైనా కేకలు పెడతాడు. కానీ నైజెల్ ఇంగ్లీషువాడు.

"నీళ్లు బాగున్నాయా?" అన్నాడు.

"బ్రహ్మాండం."

"టీ పెట్టనా?"

భార్య గ్వెన్ తరఫు చుట్టాలెవరో వస్తారన్నట్టు నైజెల్‌కి లీలగా గుర్తు. ఇప్పుడు పేర్లడిగితే ఏం బాగుంటుంది? ఇక డెస్మండ్‌కేమో బెరిల్‌కి కొత్త తోడు దొరికిందని అర్థమైంది. అదీ అడిగే విషయం కాదు. అయినా ఉండబట్టలేక, "మీరిక్కడ ఎన్నాళ్లుగా ఉంటున్నారు?" అన్నాడు.

"పదకొండేళ్లయింది."

డెస్మండ్‌కి టీ పొలమారింది. రోజర్ పోయి రెండేళ్లే! "మరి... రోజర్‌కి తెలుసా?"

ఆ రోజర్ ఎవరో నైజెల్‌కి తెలీదు. తెలీదంటే వచ్చినవాళ్లు నొచ్చుకోరూ? "తెలీకేం! చాలా సంతోషించాడు" అన్నాడు. అంతలో బల్ల మీదున్న పోర్క్ పై మీద అతని దృష్టి పడింది. "అయ్యో, ఇవన్నీ ఎందుకండీ!" అంటూ సగానికి కోసి, ఒక సగం ఆనందంగా తినేశాడు. అది రోజర్ ఫోటో ముందు పెట్టడానికని సముద్రం దాటి తెచ్చింది. తినొద్దని అనడానికి డెస్మండ్‌కి నోరు రాలేదు.

అప్పుడే గేటు తీసుకుని ఒకావిడ వచ్చింది. "మా ఆవిడ, గ్వెన్" అన్నాడు నైజెల్.

డెస్మండ్‌కి తల కొట్టేసినట్టయింది. ఇల్లు వేరు, మనిషి వేరు, నిక్కరూ వేరు. చచ్చేంత సిగ్గేసింది. గ్వెన్ మాత్రం వీళ్లు మొగుడి క్లబ్బు స్నేహితులనుకుని, "భోంచేసి వెళ్దురు గాని" అంటూ పొయ్యి మీద సాసేజీలు పెట్టేసింది.

థెల్మా అతన్ని పక్కకి లాగింది. "ఇప్పుడే చెప్పెయ్."

"ఆయన నిక్కరు వేసుకుని ఎలా చెప్పనే?"

"విప్పి చెప్పు!"

"ఒక్క సాసేజీ తిని మెల్లగా జారుకుందాం" అన్నాడు డెస్మండ్. ఆ మాట అనేసరికే గ్వెన్ అతని మెడకి ఏప్రన్ తగిలించి చేతికి పట్టకారు ఇచ్చింది.

సరిగ్గా అప్పుడు గేటు దగ్గర బెరిల్ గొంతు వినిపించింది. "గ్వెన్, ఇటుగా ఎవరైనా ఒక జంట..." అంటూ ఆవిడ ఆగిపోయింది. పట్టకారుతో సాసేజీ పట్టుకుని డెస్మండ్ కూడా ఆగిపోయాడు.

"అక్కడ నేను రోజర్ ఫోటో ముందు కంచాలు పెట్టి ఎదురుచూస్తున్నాను. నువ్విక్కడ వంట చేస్తున్నావా?" అంది బెరిల్. ఆవిడ చుట్టూ చూసింది. "పోర్క్ పై ఏది?"

అందరూ నైజెల్ వైపు చూశారు. నైజెల్ మూతి తుడుచుకున్నాడు.

"బెరిల్, తప్పు ఇల్లు" అన్నాడు డెస్మండ్. చెవులు మండిపోతున్నాయి. "వచ్చినప్పుడు తెలీలేదు. తెలిశాక చెప్పడానికి సిగ్గేసింది."

"సిగ్గేసి అలాగే ఉండిపోయావా?"

"ఉండిపోయాను."

బెరిల్ అతని ఏప్రన్ వంకా, నిక్కరు వంకా తేరిపార చూసింది. "అయితే ఆ రోజు కూడా..."

"నిజమే చెప్పాను. పాటలన్నీ పాడాను. శవపేటిక మోసేవాళ్లలో ఒకడు తక్కువైతే భుజం కూడా పట్టాను. రోజర్ కోసం ఏడవాల్సిందంతా ఎవరో ముసలాయన మీద ఏడ్చేశాను, బెరిల్. ఆయన పెళ్లామే నన్ను ఓదార్చింది."

బెరిల్ ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత కుర్చీలో కూలబడి పగలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ ఏడ్చింది. "రోజరైతే ఆ క్షణమే నమ్మేవాడు. నేనే... రెండేళ్లు నీతో మాట్లాడలేదు. నీ మొహం చూడాలంటే నాకిప్పుడు సిగ్గుగా ఉంది" అంది.

జరిగిందంతా విని నైజెల్, "అలాగా. మరో సాసేజీ?" అన్నాడు.

పోర్క్ పైలో మిగిలిన సగం పట్టుకుని ముగ్గురూ అసలైన అల్మెండ్రో వీధికి బయలుదేరారు. గేటు దగ్గర నిలబడి నైజెల్ చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. మలుపు తిరుగుతున్న తన గళ్ల నిక్కరుని వెనక్కి అడగడానికి ఆయనకి సిగ్గేసింది.