సాహస సైకిల్ పోటీలో పేరు నమోదు చేయించుకొను విధానం

క్రీడల మంత్రిగారు కొత్త సైకిలు మీద చెయ్యి వేసి, ఫోటోలు తీయడం అయ్యేదాకా ఆగి, గంభీరంగా ప్రకటించారు: "ఆరు రోజులు, ఆరు దశలు, అన్నీ కొండలే! జంటలుగా రండి. పూర్తి చేసినవాళ్లకి మా శాఖలో పర్మనెంటు ఉద్యోగం!"

కొండలంటే జనానికి అంత ప్రేమ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. వారంలో నలభై వేల ఫారాలు అమ్ముడుపోయాయి.

సైకిలు మీద పార్సిళ్లు పంచే ఒకతనిది పదకొండేళ్లుగా తాత్కాలిక ఉద్యోగమే. నెలాఖరు తర్వాత రానక్కర్లేదని కంపెనీవాళ్లు చల్లగా చెప్పేశారు. అందుకని క్షౌరశాల నడుపుకునే బావమరిదిని జంటగా రమ్మని కాళ్లావేళ్లా పడి బతిమాలాడు.

"నేను సైకిలు తొక్కి ఇరవై ఏళ్లయింది బావా. పడితే?"

"పడితే మీ అక్క ఇద్దర్నీ కలిపి తిడుతుంది. పద."

శాఖ కార్యాలయానికి ఆరంతస్తులు. రోజుకో అంతస్తు, అంతస్తుకో సంతకం. సైకిలును కళ్లారా చూడకుండా అక్కడ ఏ గుమాస్తా కలం ముట్టడు, అంత నిజాయితీ. లిఫ్టు అధికారులది. జంటలో ఇద్దరూ రెండు నిమిషాల తేడాలోపు గమ్యం చేరాలన్నది పోటీ నియమం. దాన్ని కౌంటర్ల దగ్గర కూడా తు.చ. తప్పకుండా పాటించారు. ఆలస్యమైతే మళ్లీ మొదటి అంతస్తే.

మూడో రోజు బావమరిది మెట్ల మలుపులో కూలబడ్డాడు. పైనుంచి గుమాస్తా గడియారం చూసి, "నిమిషంన్నర" అన్నాడు ఎంతో దయగా.

"లేరా బాబూ!"

"నేను సైకిలెక్కాలి గానీ, సైకిలు నన్నెక్కడమేంటి బావా?"

అతను రెండో సైకిలు కూడా తన భుజానికే ఎత్తుకున్నాడు. "పాకైనా రా!"

బావమరిది నిజంగానే పాక్కుంటూ వచ్చాడు. సంతకం పడింది.

ఐదో అంతస్తులో డాక్టరు. "కొండ ఎక్కగలరా?"

"ఐదంతస్తులు ఎక్కి వచ్చాం కదండీ!"

"అవి మెట్లు. కొండకి వేరే పరీక్షుంది. ఆ మిషను ఇంకా రాలేదు, కాబట్టి పాస్."

ఆరో రోజుకి నలభై వేల మందిలో మిగిలింది వీళ్లిద్దరే. డైరెక్టరుగారు కుర్చీలోంచి లేచి చేతులు కలిపారు. "ఏ సంతకం ఎక్కడో మొత్తం తెలిసినవాళ్లు మా శాఖలోనే లేరు. మీలాంటివాళ్లని వదులుకుంటామా?"

ఆ సాయంత్రమే ఆర్డర్లు చేతికొచ్చాయి. పర్మనెంటు! నమోదు విభాగం, కింది కౌంటరు. బావమరిది కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పోటీ ఘనవిజయం సాధించిందని మంత్రిగారు మర్నాడు పేపర్లో చెప్పారు.

ఆ మర్నాడే ఒకావిడ, వాళ్ల ఆడపడుచు చెరో సైకిలు నడిపించుకుంటూ కౌంటరు దగ్గరికొచ్చారు.

"అన్నా, పోటీ ఎప్పుడు? ఏ కొండ మీద?"

ఆ సంగతి ఇన్నాళ్లూ తనే అడగలేదని అతనికి అప్పుడు తట్టింది. బీరువాలోంచి ఫైలు తీశాడు. లోపల మంత్రిగారి ఫోటో ఉంది. దాని వెనక గుండుసూదితో గుచ్చిన ఒకే ఒక్క కాగితం:

"స్పందన బాగుంటే కొండను వెతకవలెను."

బావమరిది మెడ సాచాడు. "ఏముంది బావా?"

"అంతా సక్రమంగానే ఉందిరా."

ఫైలుకి తాడు బిగించి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అన్నాడు:

"సైకిలు భుజానికెత్తుకోమ్మా."