పక్కింటావిడ జబ్బు

ఒక జబ్బుకు జబ్బుగా గుర్తింపు రావాలంటే రోగి ఉంటే చాలదు. ఆ రోగి మాట్లాడే భాషలో ఆమోదముద్ర పడిన ప్రశ్నావళి కూడా ఉండాలి. అంతవరకు అది జబ్బు కాదు, ఆ మనిషి సొంత వ్యవహారం.

దగ్గినా, తుమ్మినా, నవ్వినా మూత్రం జారిపోయే ఆడవాళ్ల కోసం అలాంటి ప్రశ్నావళి ఒకటి పరాయి భాషలో సిద్ధంగా ఉంది. ఇరవై ప్రశ్నలు. పన్నెండు మార్కులు దాటితే డాక్టరమ్మ చూస్తుంది, దాటకపోతే చూడదు. (తప్పితే ఆరోగ్యవంతులు, పాసైతే రోగులు.) దాన్ని ఇక్కడి భాషలోకి తెచ్చే పని అనువాదకురాలికి అప్పగించారు. ఆమె ఎగిరి గంతేసి ఒప్పుకుంది. కారణం ఇంట్లోనే ఉంది: వాళ్లమ్మ. రెండేళ్లుగా ఆవిడ పెళ్లిళ్లకు వెళ్లడం మానేసింది, బస్సెక్కడం మానేసింది, కుర్చీలో తువ్వాలు మడిచి వేసుకోనిదే కూర్చోదు. టీవీలో నవ్వుల కార్యక్రమం మొదలైతే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది.

అనువాదం బాగానే కుదిరింది. నలభై మంది ఆడవాళ్ల చేత నింపించి చూశారు. నలభై మందికీ సున్నా. కానీ ప్రతి కాగితం అంచునా చిన్న అక్షరాలతో ఒకటే సంగతి: నాకేం లేదు, మా పక్కింటావిడే పాపం చాలా అవస్థ పడుతోంది. అమ్మ కూడా అంతే. తువ్వాలు సర్దుకుని, కళ్లజోడు పెట్టుకుని, తన గడులన్నింట్లో సున్నాలు చుట్టి, పక్కింటావిడ కష్టాలు అర పేజీ రాసింది. చదివిన కూతురికి ప్రాణం ఉసూరుమంది. అందులో టీవీ సంగతి కూడా ఉంది.

వ్యవహారం ప్రశ్నావళి సంస్కరణ ఉన్నత సంఘం ముందుకు వెళ్లింది. (ఏడుగురు మగవాళ్లు, మహిళా సభ్యురాలికి కేటాయించిన ఒక ఖాళీ కుర్చీ.) ఈ కాగితాలను ఆడవాళ్ల చేత హాల్లో, మొగుళ్ల పక్కన, అత్తల పక్కన కూర్చోబెట్టి నింపిస్తున్నారనీ, తలుపున్న గది ఒకటి, అడగడానికి ఒక నర్సమ్మ ఉంటే చాలనీ అనువాదకురాలు విన్నవించుకుంది. అధ్యక్షులవారు శ్రద్ధగా విన్నారు. గదులూ తలుపులూ భవనాల విభాగం చూసుకుంటుందనీ, సంఘానికి ప్రశ్నల మీదే అధికారమనీ సెలవిచ్చారు.

“చూడమ్మా, వాళ్లు పక్కింటావిడ గురించి చెప్తామంటున్నారు. మనం పక్కింటావిడ గురించే అడుగుదాం.”

ఆ ప్రకారం ఇరవై ప్రశ్నలూ మారాయి. పక్కింటావిడ అంటే ఎవరో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. (పై అంతస్తు ఆవిడ పక్కింటావిడే, వెనక వీధి ఆవిడ కాదు.) ఈసారి మార్కులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఏ ఒక్క పక్కింటావిడకూ పద్దెనిమిదికి తగ్గలేదు. ఈ ప్రాంతపు స్త్రీలు సంపూర్ణ ఆరోగ్యవంతులనీ, వారి పక్కింటివారి పరిస్థితి మాత్రం ఆందోళనకరంగా ఉందనీ సంఘం నివేదిక ఇచ్చి, తనను తాను అభినందించుకుంది.

నెల తిరక్కుండా ఇంటింటికీ ఉత్తరాలొచ్చాయి: మీ పక్కింటావిడను వెంటబెట్టుకుని ఆసుపత్రికి రావలెను. అమ్మకొకటి, పక్కింటావిడకొకటి. ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడ్డారు. ఒకరి చేతిలో కాగితం ఒకరు చూసుకున్నారు. మర్నాడు అనువాదకురాలు కారు తీస్తే వెనక సీట్లో ఎక్కారు, చెరొక తువ్వాలుతో.

కౌంటరులో గుమాస్తా రోగి ఎవరని అడిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూపించారు. అతను రెండు కాగితాలూ తిరగేసి, ఇద్దరి పేర్లకు ఎదురుగానూ ‘తోడు వచ్చినవారు’ అని రాసుకున్నాడు. అమ్మ ముఖం కందిపోయింది. కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, వెనక వరసలో ఉన్న మగవాళ్లందరికీ వినపడేలా, రెండేళ్లలో మొదటిసారి నోరు విప్పింది.

“నాకేనయ్యా. ఆవిడక్కాదు, నాకే.”

పక్కింటావిడ తలొంచుకుని, తనకూ ఉందని మెల్లగా చెప్పింది.

గుమాస్తా చెడ్డవాడు కాదు. ప్రశ్నావళి మొదటి నుంచి చివరిదాకా వెతికాడు. జబ్బు తమకే ఉన్నవాళ్ల కోసం అందులో గడి లేదు. సంఘానికి అర్జీ పెట్టుకుంటే మార్చవచ్చనీ, మూడేళ్లకు మించి పట్టదనీ ధైర్యం చెప్పాడు. అనువాదకురాలికి ఏడుపొచ్చింది. అమ్మకు అంతకంటే తొందర పనొచ్చింది. బాత్రూమ్ ఎటని అడిగింది.

“అది రోగులకు మాత్రమేనమ్మా,” అన్నాడు గుమాస్తా.