కంట్రోల్ రూములో గైర్హాజరు

కంప్యూటర్ పనివాళ్ళ కొరత అనే మాట ఏడాది తిరక్కుండా వినపడకుండా చేస్తానని మంత్రిగారు ప్రకటించారు. కొరతను కాదు, మాటను. పెద్దవాళ్ళు ఆచితూచి మాట్లాడతారు మరి.

ఆయన ఆఫీసులో ఆపరేటరమ్మ పదకొండేళ్ళుగా కాంట్రాక్టు మీద ఉంది. వైరు ఊడినా, ఫైలు మాయమైనా, ఆఫీసరుగారు పాస్‌వర్డ్ మరిచిపోయినా ఆమెనే పిలిచేవారు. ఇంట్లో భర్త మంచాన పడ్డాడు. సంపాదించేది ఆమె ఒక్కతే.

మంత్రిగారు తొమ్మిదిమందితో కమిటీ వేశారు. వాళ్ళు ఆర్నెల్లు చెమటోడ్చి, ఏసీ గదిలో చెమటోడ్చడం మాటలు కాదు, ఒక నిజం కనిపెట్టారు. సర్టిఫికెట్ లేనివాళ్ళు పనిచేస్తూ ఉండడం వల్లే పని వచ్చినవాళ్ళు దొరకడం లేదట.

ఆఫీసరుగారు ఆమెను పిలిచారు.

"నీకు సర్టిఫికెట్ ఉందామ్మా?"

"లేదండి. పని వచ్చండి."

"పని ఎవరికైనా వస్తుంది తల్లీ. కాగితం కావాలి. పరీక్ష రాయి, లేదా నెలాఖరుకి ఇంటికే."

పరీక్ష కంప్యూటర్ మీదే. ఆమె కాక మూడువందలమంది కూర్చున్నారు, మంత్రిగారి బావమరిదితో సహా. తీరా గంట కొట్టాక మెషీన్లు నడిపేవాళ్ళు లేరని తేలింది. ఆపరేటరమ్మను హాల్లోంచి లేపి కంట్రోల్ రూములో కూర్చోబెట్టారు. మూడు గంటలు ఒక్క తెర కూడా ఆరిపోకుండా నడిపింది. మూడువందలమందీ పాసయ్యారు, బావమరిదికి ఫస్టు ర్యాంకు. ఆమె పేరుకెదురుగా 'గైర్హాజరు' అని పడింది.

ఆమె మొరపెట్టుకుంటే, హాల్లో లేని మనిషిని ఉన్నట్టు రాయడం మోసం కాదా అని ఆఫీసరుగారు నొచ్చుకున్నారు. అంతటి నీతిమంతుడు.

నెలాఖరున తొలగింపు ఉత్తరం ఆయన చెబుతుంటే ఆమే టైపు చేసింది. 'సాంకేతిక నైపుణ్యం ఏమాత్రం లేనందున' అని.

"ప్రింటు తియ్యమ్మా, సంతకం పెడతా."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నాకు రాదండి."

"అదేంటి, రోజూ తీస్తావుగా?"

"రాదని ఇప్పుడే మీరు రాయించారు కదండీ."

బావమరిదిగారిని పిలిపించారు. ఆయన ప్రింటర్ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఇది పాత మోడల్ అన్నారు. తర్వాతి ర్యాంకులవాళ్ళూ వరసగా వచ్చి అదే మాట అన్నారు. చేత్తో రాద్దామంటే, చేతిరాత కాగితాలు చెల్లవని స్వయంగా మంత్రిగారి ఆర్డరు.

మర్నాడు మంత్రిగారు పత్రికలవాళ్ళను పిలిచి, కొరత అనుకున్నదానికన్నా సరిగ్గా మూడువందలు ఎక్కువ ఉందనీ, రెండో కమిటీ వేస్తున్నాననీ చెప్పారు.

ఉత్తరం ఇంకా తెరమీదే ఉంది. ఆపరేటరమ్మ రోజూ పదింటికల్లా వచ్చి, దానిమీది దుమ్ము తుడిచి, ఎదురుగా కూర్చుంటోంది.